మూత మీద కరివేపాకు

మా నాన్నగారు రెండేళ్ల పాటు తెర వెనకే బతికారు. మాటవరసకి అంటున్నది కాదు, నిజం తెరే. ముదురు ఎరుపు వెల్వెట్టు గుడ్డ, అంచున బంగారు రంగు కుచ్చులు, లాగడానికి తాడు. ఒకప్పుడు మా బళ్లో వార్షికోత్సవానికి వేదిక మీద కట్టేవాళ్లం. బడి పోయాక బల్లలు ఒకరు, బస్సు ఒకరు, బీరువాలు ఒకరు పట్టుకుపోయారు. తెరని మాత్రం ఎవరూ అడగలేదు. అందుకని అది మాతోపాటే వచ్చి, మా కర్రీ పాయింటులో పొయ్యికీ వీధిగుమ్మానికీ మధ్య వేలాడింది. తెరకి ఇవతల నేనూ, కూరల గిన్నెలూ, కొనేవాళ్లూ. అవతల నాన్నగారూ, గరిటే.

కొత్తగా వచ్చినవాళ్లు ఆ కుచ్చులు చూసి, “నాటకం ఎన్నింటికండీ?” అని అడిగేవారు. “పదకొండింటికి. ఇవాళ వేషం వంకాయది,” అనేదాన్ని నేను. నాకు నోరు కొంచెం ఎక్కువే. ఆ నోరే లేకపోతే ఆ రెండేళ్లూ గడిచేవి కావు.

నెల్లిమర్లలో మా నాన్నగారంటే పాతికేళ్లు హెడ్మాస్టారుగారే. అది ఆయన సొంత బడి. జూట్ మిల్లులో పనిచేసేవాళ్ల పిల్లలూ, చుట్టుపక్కల పల్లెల రైతుల పిల్లలూ చదివేవారు. నేనూ అక్కడే తెలుగు చెప్పేదాన్ని. సాయంత్రం ఆయన ఇస్త్రీ పంచె, లాల్చీ వేసుకుని బజార్లోకి వెళ్తే సైకిలు మీద వచ్చేవాడు దిగిపోయేవాడు, బీడీ కాల్చేవాడు దాన్ని వీపు వెనక్కి దాచేవాడు, మంగలి షాపులో సగం గడ్డంతో కూర్చున్నవాడు కూడా లేవబోయేవాడు. వినాయక చవితి పందిట్లో మొదటి ప్రసాదం ఆయనకే. తరగతి గదిలోకి వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆయన రెండుసార్లు దగ్గేవారు. ఆ దగ్గు వినబడితే చాలు, లోపల చీమ చిటుక్కుమనేది కాదు. ఆ మర్యాదంతా ఆయన తలకెక్కించుకోలేదని నేననను. బాగానే ఎక్కించుకున్నారు. నేనూ ఎక్కించుకున్నాను. హెడ్మాస్టారుగారి అమ్మాయినని కూరగాయల కొట్లో నన్ను ముందుకి పిలుస్తుంటే, వరసలో వెనక నిలబడ్డవాళ్ల మొహాలు ఏనాడైనా చూశానా? చూడలేదు.

కరోనా వచ్చి బడి మూసినప్పుడు పదిహేను రోజులే అనుకున్నాం. అందరూ అలాగే అనుకున్నారు. తెరిచేసరికి పిల్లల్లో కొందరు పొలం పనుల్లోకి, కొందరు సర్కారు బళ్లోకి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లని పట్నం నుంచి వచ్చే పెద్ద బళ్ల బస్సులు ఎక్కించుకుపోయాయి. నాన్నగారు కిందా మీదా పడి ఇంకొంత కాలం ఈడ్చారు. చివరికి బడి పోయింది. దాని వెంట ఇల్లూ పోయింది. రైల్వే గేటుకి ఇవతల వీధిలో రెండు గదుల వాటా అద్దెకి తీసుకున్నాం. ముందు గదికి రోడ్డు మీదికి తలుపుంది. సామాను దింపుతూనే అమ్మ ఆ తలుపు చూసి, “ఇక్కడ కూరలమ్మొచ్చు,” అంది.

“పూలమ్మిన చోట కట్టెలమ్మమంటావా?” అన్నారు నాన్నగారు.

“కట్టెలెవరు కొంటారండీ, అందరికీ గ్యాసే కదా. కూరలైతే కొంటారు.”

మా అమ్మతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు. నాన్నగారు ఆ సాయంత్రం అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్న లేచి గరిటెలు లెక్క చూసుకున్నారు.

వంట మాకు కొత్త కాదు. మా తాతగారిది శ్రీకూర్మం అవతల ఒక పల్లె. అక్కడి చిన్న గుడిలో నైవేద్యం వండడం మా వాళ్ల పని. నాన్నగారు పైచదువుకి బయల్దేరేదాకా తాతగారి పక్కన ఆ వంటశాలలోనే పెరిగారు. అమ్మ వింటే ఒప్పుకోదు గానీ, అమ్మకన్నా బాగా వండుతారు. ఆ వంటకి ఒక కట్టుబాటుంది. దేవుడికి పెట్టకముందు మనిషి నాలిక తగలకూడదు. మరి ఉప్పు సంగతి? అంతా చేతి కొలతే. వండేవాళ్లు ముగ్గురు నలుగురుంటే ఒకరు వేసిన సంగతి ఇంకొకరికి తెలియాలి కదా. అందుకని ఉప్పు వేసినవాళ్లు గిన్నె మూత మీద ఒక కరివేపాకు రెబ్బ పెడతారు. రెబ్బ ఉంటే ఉప్పు పడ్డట్టు, లేకపోతే పడనట్టు. అడగడాలూ చెప్పుకోడాలూ అక్కర్లేదు. మూడు తరాలుగా మా ఇంట్లో ఇదే పద్ధతి. అమ్మ కాపురానికి వచ్చిన మొదటి వారం నేర్చుకున్నది ఇదేనట.

కూరల కొట్టుకి ఒప్పుకుంటూ నాన్నగారు షరతులు పెట్టారు. ఉల్లీ వెల్లుల్లీ గడప తొక్కకూడదు. వండినదేదైనా ముందు గూట్లో దేవుడికి పెట్టాలి, అప్పటిదాకా ఎవరూ రుచి చూడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, వండేది తనని ఊళ్లో ఒక్కరికి కూడా తెలియకూడదు. మొదటి రెండిటికీ అమ్మ తలూపింది. చివరిదానికి నావైపు చూసింది.

“శ్రీకూర్మం వైపు నుంచి ఒక వంటాయన వచ్చాడని చెబుదాం. ఎవరితోనూ మాట్లాడడు అందాం,” అన్నాను. ఆలోచిస్తే అది అబద్ధమనడానికి కూడా లేదు. ఆ సాయంత్రమే తెర కట్టాం.

వెల్లుల్లి లేని పప్పు ఎవరు తింటారని నేను బెంగపడ్డాను. తిన్నారు. బీపీ ఉన్నవాళ్లు తిన్నారు, శనివారాలు పట్టేవాళ్లు తిన్నారు, వంట చేసే ఓపిక లేనివాళ్లు అందరికన్నా ఎక్కువ తిన్నారు. అమ్మ మా బడి గంట తెచ్చి గుమ్మానికి కట్టింది. పదకొండింటికి కూరలు సిద్ధం కాగానే కొట్టేది. ఆటోలు నడుపుకుంటూ పోయే మా పాత పిల్లలు గంట వినబడగానే బ్రేకు వేసేవారు. దిగి, అలవాటు కొద్దీ ఎత్తు ప్రకారం వరసలో నిలబడేవారు. ఒకడైతే చెయ్యి చాచి ముందువాడి భుజం మీద పెట్టబోయి, నన్ను చూసి సిగ్గుపడి జేబులో పెట్టుకున్నాడు. కూరలు కట్టించుకుంటూ, “మీకింకా పెళ్లి కాలేదేమండీ?” అని అడిగే పెద్దమనుషులకి నేను పచ్చడి కొంచెం తక్కువ కట్టేదాన్ని.

నాన్నగారు మాత్రం గడప దాటలేదు. పెరట్లోంచి పొయ్యి దగ్గరకి, పొయ్యి దగ్గర్నుంచి పెరట్లోకి, అంతే ఆయన ఊరు. లాల్చీలు ట్రంకు పెట్టెలోకి వెళ్లిపోయాయి. పాత పిల్లల తల్లిదండ్రులెవరైనా, “హెడ్మాస్టారుగారు కులాసాయేనా?” అని నన్నడిగితే, తెర అవతల గరిటె చప్పుడు ఆగిపోయేది. “కులాసాయే, లోపల పడుకున్నారు,” అనేదాన్ని. గరిటె మళ్లీ కదిలేది.

రెండో ఏడు వర్షాలు తగ్గుతుండగా ఒక మధ్యాహ్నం ఆయన భోజనం దగ్గర చెప్పారు. “సిరిమాను పండగ వెళ్లగానే నేను కొత్తవలస వెళ్లిపోతాను. మా పెదనాన్నగారి మనవడింట్లో ఒక గది ఖాళీగా ఉందట. ట్యూషన్లు చెప్పుకుంటాను. అక్కడ నన్నెవరూ ఎరగరు.”

“ఎరగని ఊళ్లో పడిపోతే లేపేవాళ్లుండరు,” అంది అమ్మ.

“నిలబడ్డవాణ్ని చూసి నవ్వేవాళ్లూ ఉండరు.”

నాకు భయం వేసింది. డెబ్బై ఏళ్ల మనిషి. రైల్లో తన సీట్లో ఎవరైనా కూర్చుంటే లెమ్మని అడగడం చేతకాక, నిలబడి ప్రయాణం చేసే మనిషి. సిగ్గుతో ఒక్కరూ ఆ కొత్త ఊళ్లో ఎంతకాలం ఉంటారు? అమ్మ రాదు, నేను రాను, కొట్టు నడిస్తేనే ముగ్గురికీ అన్నం. ఆయన వారం తిరక్కుండా ఒక గుడ్డసంచీ ఉతికి ఆరేసుకున్నారు. ఆ సంచీ దండెం మీద కనబడకుండా దాని మీదే నా చీరలు ఆరేసేదాన్ని.

మా బళ్లో పనిచేసిన ఆయమ్మ గురించి ఇప్పుడు చెప్పాలి. బడి పుట్టిన రెండో ఏడు చేరి, తాళం పడ్డ రోజు దాకా ఉంది. తుడిచేది, గంట కొట్టేది, ఏడ్చే పిల్లల ముక్కులు తుడిచేది. స్టాఫ్ రూములో మంచినీళ్ల బిందె పక్కన పళ్లెంలో గ్లాసులు బోర్లించి ఉండేవి. ఆయమ్మ గ్లాసు అందులో ఉండేది కాదు. కిటికీ గట్టు మీద విడిగా ఉండేది. సొట్టపడిన స్టీలు గ్లాసు, అడుగున మేకుతో గీసిన గుర్తు. తను తాగి, తనే తోమి, తనే అక్కడ పెట్టుకునేది. అలా ఉండాలని ఎవరూ బోర్డు మీద రాయలేదు. ఎవరూ ఎత్తి చెప్పనూ లేదు. అందరికీ తెలుసు, అంతే. నేను అదే గదిలో కూర్చుని పిల్లల నోటుబుక్కులు దిద్దుతూ, మనుషులంతా ఒకటేనన్న పాఠానికి ప్రశ్నలు తయారు చేశాను. ఇది రాస్తుంటే ఇప్పుడు నాకు చెవులు వేడెక్కుతున్నాయి. బడికి తాళం పడ్డ రోజు ఆయమ్మ ఆ గ్లాసుని కొంగులో చుట్టుకుని ఇంటికి పట్టుకెళ్లింది.

రైల్వే గేటు అవతల కాలనీలో వాళ్లిల్లు. మా కొట్టు పెట్టినప్పట్నుంచీ వారానికి రెండు మూడుసార్లు వచ్చి పులుసో పప్పో కొనుక్కెళ్లేది. నేను కొసరు వేస్తే, “ఏటి టీచరమ్మా, ఇలగైతే కొట్టు నడుస్తాదేటి?” అని కసిరేది.

సిరిమానుకి ఇంకా మూడు వారాలుందనగా ఆ ఉప్పు గొడవ జరిగింది. తప్పు నాదనే చెప్పాలి. ఉక్క భరించలేక నాన్నగారు చెమటలు కక్కుతున్నారని, అటక మీద పడేసిన బడి ఫ్యాను దింపి, తుడిచి, పొయ్యి గదిలో పెట్టాను. నిలువెత్తు ఫ్యాను, తల అటూ ఇటూ తిప్పే రకం. తిరిగితే కాయితాలు ఎగిరిపోతాయని బళ్లో పరీక్షలప్పుడు దాన్ని ఆపేసేవాళ్లం. అది తెలిసి కూడా నాకు బుద్ధి లేకపోయింది.

ఆ రోజు ముక్కల పులుసు. ఆనపకాయ, మునక్కాడ, బెండకాయ, తీపి గుమ్మడి. నాన్నగారు ఉప్పు వేసి, మూత మీద రెబ్బ పెట్టి, పెరట్లోకి చేతులు కడుక్కోడానికి వెళ్లారు. ఫ్యాను ఇటు తిరిగింది, రెబ్బ ఎగిరిపోయింది. అమ్మ వచ్చి చూసింది. మూత మీద ఏమీ లేదు. ఉప్పు వేసి, రెబ్బ పెట్టి, బియ్యం కడగడానికి వెళ్లింది. ఫ్యాను మళ్లీ ఇటు తిరిగింది. తర్వాత నేను వచ్చాను. ఇవాళ ఇద్దరూ మర్చిపోయారే, నేను లేకపోతే ఈ ఇల్లేమైపోయేదోనని మురిసిపోతూ, పిడికెడు ఉప్పు వేసి రెబ్బ పెట్టాను. నా రెబ్బ మాత్రం తడి మూతకి అతుక్కుని నిలిచింది.

గూట్లో దేవుడికి చిన్న గిన్నెతో పెట్టాం. ఆయన ఏమీ అనలేదు. పదకొండింటికి అమ్మ గంట కొట్టింది. పులుసు బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది.

పన్నెండున్నరకి ఆయమ్మ వచ్చింది. చేతిలో విప్పిన పొట్లం, సగం పులుసుతో. ముఖం చూస్తే నవ్వుతోందో కోపంగా ఉందో తెలియలేదు.

“ఎవులు వండినారు టీచరమ్మా, ఇది?”

“మా శ్రీకూర్మం వంటాయన.”

“ఆయన్ని ఓపాలి ఇలగ రమ్మనండి.”

“ఆయన మాట్లాడడు ఆయమ్మా.”

సరిగ్గా అప్పుడే తెర వెనక దగ్గు వినబడింది. రెండుసార్లు.

“మాట్లాడడు గానీ దగ్గుతాడు కదేటి,” అంది ఆయమ్మ. “ఇన్నేళ్లు ఆ దగ్గు ఇని గంట కొట్టినదాన్ని నాను. నాకు తెల్దేటి?” అని తెర వైపు తిరిగి, గొంతు కొంచెం తగ్గించి పిలిచింది. “మాస్టారూ, బయటికి రండి. ఊరందరికీ తెలుసు. మీకిష్టం లేదని ఊరుకున్నాం గానీ.”

రెండేళ్లు. రెండేళ్ల పాటు ఊరు ఊరంతా మా గుమ్మం ముందు నిలబడి, తెర అవతల దగ్గు వింటూ, హెడ్మాస్టారుగారు పడుకున్నారా అని నన్నే అడిగి, నేను చెప్పిన అబద్ధానికి తలూపి వెళ్లిందన్నమాట. నాకు నవ్వొచ్చింది, కళ్లమ్మట నీళ్లూ వచ్చాయి. తెర పక్కకి జరిగింది. నాన్నగారు బనీనుతో, భుజం మీద మసి తువ్వాలుతో నిలబడ్డారు.

ఆయమ్మ పొట్లం ముందుకి చాపింది. “తిని సూడండి.”

“మేం రుచి చూడం ఆయమ్మా. దేవుడికి పెట్టే...”

“దేవుడికి పెట్టీసినారు కదండీ. ఆయనేటన్నాడు?”

నాన్నగారు గూటి వైపు చూశారు.

“ఆయన ఓర్చుకుంటాడు. మా ఇంటాయన ఓర్చుకోడు. కంచం తోసీసినాడు.”

ఆ పొట్లం వాళ్లింట్లో విప్పినది. అందులోంచి వాళ్లు వడ్డించుకున్నారు. మా తాతగారి వంటశాలలో పెరిగిన మనిషి, ఒకరు ముట్టుకున్నది ముట్టుకోని మనిషి, అరచెయ్యి చాచి, ఆ పులుసు కొంచెం వంపించుకుని నోట్లో వేసుకున్నారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాన్నగారి మొహం ముడుచుకుపోయింది. ఎలాగో మింగి, మావైపు తిరిగారు.

“ఉప్పు ఎవరు వేశారు?”

తరగతి గదిలో అడిగినట్టే అడిగారు. అమ్మ చెయ్యెత్తింది. నేనూ చెయ్యెత్తాను. నాన్నగారు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, కాసేపు ఆలోచించి, తన చెయ్యి కూడా ఎత్తారు. ఆయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. నవ్వుతూ గుమ్మం మీద కూలబడిపోయింది.

ఒక్కొక్కరే పొట్లాలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. ఎవరూ దెబ్బలాడలేదు. ఆటో నడిపే మా పాత శిష్యుడొకడు నాన్నగారిని చూసి ముందు చేతులు కట్టుకున్నాడు, తర్వాత ధైర్యం తెచ్చుకుని, “ఎనిమిదో క్లాసులో లెక్కల్లో మీరు నాకు సున్నా ఏసినారు సార్. ఇయ్యాల నానేసీమంటారా?” అన్నాడు.

“వెయ్యి. న్యాయమే,” అన్నారు నాన్నగారు.

అందర్నీ గంటలో రమ్మని చెప్పి మళ్లీ పులుసు పెట్టాం. ఆయమ్మ గుమ్మంలోనే కూర్చుని ఆనపకాయ తరుగుతానంది. “లోపలికి రా, కత్తిపీట ఇక్కడుంది,” అంది అమ్మ. ఆయమ్మ నాన్నగారి వైపు చూసింది. ఆయన పొయ్యి మంట సరిచేసుకుంటున్నారు. అమ్మ మళ్లీ రమ్మంది. ఆయమ్మ లోపలికి వచ్చింది.

మర్నాటి నుంచి పద్ధతి మారింది. దేవుడికి పెట్టాక, గంట కొట్టకముందు, ఆయమ్మ రుచి చూడాలి. ఈ ఏర్పాటు నాన్నగారిదే. రోజూ పదిన్నరకి ఆమె వచ్చి, పీట మీద కూర్చుని, ప్రతిదీ అరచేతిలో వేయించుకుని నాకేది. నాన్నగారు గరిటె పట్టుకుని పక్కన నిలబడేవారు. “పప్పు బాగున్నాది. బీరకాయ ముద్దయిపోనాది. పచ్చడి పరవాలేదు.” ఒకరోజు వంకాయని అసలు అమ్మనివ్వలేదు. పాతికేళ్లు జిల్లా అధికారుల తనిఖీలకి జడవని మనిషి పదిన్నరయ్యేసరికి చెమట తుడుచుకోవడం చూస్తే నాకు భలే సరదాగా ఉండేది.

కానీ సంచీ దండెం మీది నుంచి మూల మేకుకి మారింది, అందులోకి ఒక్కొక్క లాల్చీ చేరింది. “ఊరందరికీ తెలుసని తెలిసిపోయింది కదండీ, ఇంకెందుకు ప్రయాణం?” అంది అమ్మ.

“తెలియడం వేరు, చూడడం వేరు. ఈ తువ్వాలుతో నేను బజార్లో నడవలేను. అదేదో రోగమనుకో,” అన్నారు ఆయన.

సిరిమాను వెళ్లింది. నాలుగో నాడు పొద్దున్న పాసింజరుకి ప్రయాణం. ఆ ముందు రోజు ముక్కల పులుసే పెట్టారు, చివరిసారి కదా అని జాగ్రత్తగా. పదిన్నరయింది. ఆయమ్మ రాలేదు. పదకొండు కావస్తుంటే కాలనీ నుంచి వచ్చిన ఒకామె, ఆయమ్మ కాలు బెణికి వాచిందని చెప్పింది.

“ఈ ఒక్కరోజుకి మీరే చూడండి,” అంది అమ్మ.

“నా నోటికి అన్నీ బాగానే ఉంటాయి. వండింది నేనే కదా.”

“పోనీ నేను పట్టుకెళ్లి చూపించుకొస్తాను,” అని లేచాను. అమ్మ నా జడ పట్టుకుని వెనక్కి లాగింది. ఇంత వయసొచ్చాక కూడా ఆవిడకి అది అలవాటే. నాన్నగారు స్టీలు గిన్నెలో పులుసు పోసుకుని, మూత పెట్టి, మూత మీద కరివేపాకు రెబ్బ పెట్టి, బొటనవేలితో నొక్కి పట్టుకున్నారు. తెర జరిపారు. చెప్పులు ఎక్కడున్నాయో ఆయనకి గుర్తులేదు. వెతికి, వేసుకుని, వీధిలోకి దిగారు. “నువ్వూ వెళ్లు. నోరు మాత్రం మూసుకో,” అంది అమ్మ నాతో.

బనీను, ఎగ్గట్టిన పంచె, భుజం మీద మసి తువ్వాలు. టీ కొట్టు దాటాం, మంగలి షాపు దాటాం. ఎవరూ లేవలేదు, లేచేలోపే ఆయన దాటిపోయారు, అంత వేగంగా నడిచారు. గేటు దగ్గరకి వచ్చేసరికి మా ఖర్మ, గేటు పడింది. గూడ్సు బండి. దాని పెట్టెలు ఒకటా రెండా. సైకిళ్లు, ఆటోలు, గంపలతో ఆడవాళ్లు, అందరి మధ్యలో నాన్నగారు గిన్నె పట్టుకుని నిలబడ్డారు. పక్కనున్నవాడు బీడీ కాలుస్తున్నాడు. దాచలేదు. అది నాన్నగారు చూశారు, ఆయన చూడడం నేను చూశాను. వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోతారేమోనని ఆయన వెనకే దారికి అడ్డంగా నిలబడ్డాను.

కాయగూరల గంపతో ఉన్న ఒకామె ఆయన్ని తేరిపార చూసింది. “మాస్టారూ, ఇయ్యాలేటండీ కూర?”

నాన్నగారు రెండుసార్లు దగ్గారు. గేటు దగ్గరున్నవాళ్లంతా మాటలాపేశారు, పెద్దవాళ్లయిపోయిన మా పిల్లలే కదా సగం మంది.

“ముక్కల పులుసు,” అన్నారు, పాఠం చెప్పే గొంతుతో. “ఆనపకాయ, మునక్కాడ, బెండకాయ, తీపి గుమ్మడి.”

“ఉప్పో?” అన్నారెవరో వెనక నుంచి.

గేటంతా నవ్వింది. నాన్నగారు గిన్నె కొంచెం పైకెత్తి చూపించారు. “అది తేల్చుకోడానికే వెళ్తున్నాను,” అన్నారు. ఆయన కూడా నవ్వుతున్నారు. గూడ్సు బండి ఎప్పుడు వెళ్లిపోయిందో నేను చూడలేదు.

ఆయమ్మ వాళ్ల అరుగు మీద కాలు చాపుకుని కూర్చుంది, మడమకి గుడ్డ చుట్టుకుని. మమ్మల్ని చూసి లేవబోయింది. “ఓలమ్మ, మీరొచ్చీసినారేటండీ.”

“లేవకు, కూర్చో,” అని నాన్నగారు ఆమె పక్కనే అరుగు మీద కూలబడ్డారు. ఎండలో నడిచి వచ్చారు, ఆయాసపడుతున్నారు. “ముందు కాసిని మంచినీళ్లు ఇయ్యమ్మా.”

ఆయమ్మ పక్కనే నీళ్ల కుండ ఉంది. కుండ మూత మీద గ్లాసు బోర్లించి ఉంది. ఆమె చెయ్యి గ్లాసు దాకా వెళ్లి ఆగిపోయింది. సొట్టపడిన స్టీలు గ్లాసు. అడుగున మేకు గీత.

“లోపల ఇంకోటున్నాది. టీచరమ్మా, మీరెల్లి...”

“ఇదే ఇయ్యి,” అన్నారు నాన్నగారు.

ఆమె ముంచి ఇచ్చింది. “తోమిందేనండీ,” అంది మెల్లగా.

ఆ మాటకి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నాన్నగారు గ్లాసు పెదవికి ఆనించి నీళ్లు పూర్తిగా తాగారు. ఖాళీ గ్లాసు తిప్పి అడుగున ఆ గీత చూశారు. “తప్పు చేశాం ఆయమ్మా,” అన్నారు. “అన్నేళ్లూ నా కళ్ల ముందే ఉంది. నేనే ఆ గ్లాసు తీసి పళ్లెంలో పెట్టి ఉండాల్సింది.”

“పోనీద్దురూ,” అంది ఆయమ్మ. గ్లాసు వైపు కాక రోడ్డు వైపు చూస్తూ అంది. తర్వాత చెయ్యి చాపింది. “ముందు ఆ పులుసు సూడనీండి. అక్కడ కొట్టు ముందు జనం ఉంటారు.”

నాన్నగారు మూత తీసి ఆమె అరచేతిలో పోశారు. ఆమె నాకి, కళ్లు మూసుకుంది. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు.

“ఉప్పు సరిపోనాది,” అంది. “పులుపు సాల్లేదు.”

“రేపు సరిచేస్తాను,” అన్నారు నాన్నగారు.

రేపు పొద్దున్న పాసింజరు. నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన నావైపు చూడకుండా, ఇంకో గ్లాసు నీళ్లిమ్మని ఆయమ్మకి గ్లాసు అందించారు.